ఆదివారం నాటి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు

నా సుదీర్ఘమైన ఉపాధ్యాయ వృత్తిలో నేను సొంతంగా కనిపెట్టినది ఒక్కటే: ఒక వాన. ఆ వాన మార్కాపురంలో కురవలేదు. కొనకనమిట్లలో కురవలేదు. నేను పాఠాలు చెప్పిన పల్లెలో, ఒక్క బడి ఆవరణలో తప్ప, మరెక్కడా కురవలేదు. ఆ ఆవరణలోనైనా అరచేయంత వెడల్పున్న ఒక గరాటులో మాత్రమే కురిసింది. అంత చిన్న వానలో నా పరువు ఎంత దూరం కొట్టుకుపోయిందో, చివరికి ఏ గట్టున తేలిందో ఉన్నది ఉన్నట్టు విన్నవించుకోవడానికే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

ఇటువంటి జ్ఞాపకాలు రాసేవారు సాధారణంగా "అప్పటికి నేను ఇంకా కుర్రవాణ్ణి" అని మొదలుపెడతారు. ఆ వాక్యం వెనుక ఎన్ని తప్పులైనా దాచుకోవచ్చు. నాకు ఆ సౌకర్యం లేదు. అప్పటికి నాకు అరవై ఏళ్ళు నిండాయి. పదవీ విరమణకు రెండేళ్ళ లోపే ఉంది. అయితే ఈ రోజు ఈ కాగితం మీద రాస్తున్న మనిషి కంటే ఆ మనిషి చిన్నవాడే కనుక, ఆ కాస్త తేడాను అడ్డం పెట్టుకుని అతణ్ణి ఎగతాళి చేసే హక్కు నాకు ఉందని భావిస్తున్నాను.

అతనికి తేదీ లేని మాట వినబడేది కాదు. అంకె లేని సంగతి కనబడేది కాదు. "చానా ఎండగా ఉండాది సార్" అని పిల్లలు అంటే "ఎన్ని డిగ్రీలు?" అని అడిగేవాడు. "మాయవ్వ చచ్చిపోయి చానా రోజులైంది" అన్న పిల్లవాణ్ణి "ఎన్ని?" అని అడిగిన ఘనత కూడా అతనిదే. దీనికి కొంతవరకు కారణం ఉంది. నేను పుట్టినప్పుడు మాది కర్నూలు జిల్లా. 1970లో, మా ఇల్లు అంగుళమైనా కదలకుండానే, మేము కొత్త జిల్లాలోకి వచ్చాము. 2022లో ఆ జిల్లా హద్దులు కూడా మారాయి. ఉన్నచోట ఉన్నవాడికి కూడా తన జిల్లా ఏదో చెప్పాలంటే తేదీ కావలసి వచ్చే ప్రాంతంలో, మనిషి అంకెలను పట్టుకుని వేలాడక ఏం చేస్తాడు?

జిల్లాలు మళ్ళీ గీసిన మరుసటి సంవత్సరం నేను తొమ్మిదో తరగతికి వాతావరణ మార్పు పాఠం చెప్పాలి. అప్పటికే ఆ ఏడు జూన్ నెల ఎండలతో గడిచిపోయింది. జూలై ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. కందులు వేయవలసిన పొలాలు దున్ని ఎదురుచూస్తున్నాయి. పాఠానికి ఇంతకంటే మంచి కాలం దొరకదని ఆ మనిషి సంబరపడ్డాడు. పల్లె అంతా వాన కోసం చూస్తుంటే ఆయన ఉదాహరణ కోసం చూశాడని గమనించగలరు.

పాఠానికి ఒక పరికరం ఉండాలని, ఒక కార్యాలయంలో మూలన పడి ఉన్న పాత వర్షమాపకాన్ని బతిమాలి తెచ్చుకున్నాను. ఒక గొట్టం, దాని మీద గరాటు, లోపల నీరు చేరే సీసా, కొలవడానికి గీతల గాజు గ్లాసు. దానిని బడి ఆవరణ మధ్యలో పాతి, మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప నాటించాను. పిల్లలు దానికి 'వాన డబ్బా' అని పేరు పెట్టారు. ప్రతి పనిదినం మార్కాపురం నుంచి మొదటి బస్సులో దిగి, సరిగ్గా ఎనిమిదిన్నర గంటలకు చెప్పులు విడిచి, కంప తొలగించి, సీసా తీసి, గ్లాసులో వంచి, కంటికి ఎదురుగా పెట్టుకుని చూసేవాణ్ణి. చెప్పులు ఎందుకు విడిచేవాణ్ణంటే, వాటి అంచులకు కంప తగులుకునేది. ఊరివారికి ఈ కారణం తెలియదు. అది గుర్తుంచుకోండి.

సీసాలో ఏమీ ఉండేది కాదు. గోడ మీద పెద్ద చార్టు వేలాడదీసి, ప్రతి రోజూ ఎర్ర సిరాతో సున్నా వేసేవాణ్ణి. ఆ చార్టు కొన్నాళ్ళకు గుడ్లు ఆరబెట్టినట్టు తయారైంది.

"పాఠం రాసుకోండి," అని చెప్పాను ఒక రోజు. "ఒక్క రోజు ఎండ, ఒక్క రోజు వాన చూసి వాతావరణం మారిపోయిందని చెప్పకూడదు. ఏళ్ళ తరబడి లెక్కలు చూసిన తర్వాతే చెప్పాలి. మన కళ్ళు మోసం చేస్తాయి. ఊళ్ళో మాటలు మోసం చేస్తాయి. మోసం చేయనిది ఇది ఒక్కటే. వాన సంగతి దీనికి తెలిసినంత ఎవరికీ తెలియదు." కిటికీలోంచి వాన డబ్బాను చూపించాను. పిల్లలందరూ దానివైపు భక్తిగా చూశారు. ఆ చూపులో నాకు విజ్ఞానశాస్త్రం మీద గౌరవం కనిపించింది.

ఆ తరగతిలో కెజియా అనే అమ్మాయి ఉండేది. చర్చి పక్క వీధిలో ఉండే కూలి కుటుంబం. తల్లి రాహేలమ్మ పొలం పనులకు పోయేది. కెజియా ప్రశ్న అడిగేముందు పెన్ను మూత పెట్టి పక్కన పెట్టేది. ఆ మూత శబ్దం వింటే నాకు కాస్త భయంగానే ఉండేది.

ఆగస్టు నెలలో ఒంగోలులో జిల్లా స్థాయి విద్యార్థుల విజ్ఞాన ప్రదర్శన ఉందని కబురు వచ్చింది. బడికి ఒక్క ప్రాజెక్టే. ఒక్క విద్యార్థే వెళ్ళాలి. తనిఖీ అధికారిణి ఒక గురువారం వచ్చి, ప్రాజెక్టు చూసి, పేరు రాసుకుని పోతారు. కెజియా పెన్ను మూత పెట్టింది.

"సార్, నేను పోతా."

"దేని మీద చేస్తావు?"

"మాయమ్మ కాడ క్యాలెండర్లు ఉండాయి సార్. వాన పడినప్పుడల్లా గుర్తు పెట్టింది. నేను పుట్టిన ఏడు నుంచి ఉండాయి. పద్నాలుగు."

"మీ అమ్మ దేనితో కొలిచింది?"

"కొలవలేదు సార్. చూసింది."

ఆ మాటతో ఆ ప్రాజెక్టు నా దృష్టిలో ముగిసిపోయింది. "చూడటం వేరు, కొలవడం వేరు అమ్మా. క్యాలెండర్ పరికరం కాదు. మనం వర్షమాపకం మీద చేద్దాం. చార్టు నువ్వే పట్టుకుని వివరించు."

"దాంట్లో అన్నీ సున్నాలే గదా సార్."

"సున్నా కూడా అంకే."

ఆమె సరేనంది. ఒంగోలు పోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు. పొదిలి దాటి తూర్పుకు ఎప్పుడూ పోలేదట. సముద్రం దగ్గర ఉన్న ఊరికి పోతే గాలి ఎట్ల ఉంటుందో చూడాలని స్నేహితురాళ్ళతో చెప్పుకుంటుంటే విన్నాను. సున్నాల చార్టు పట్టుకుని అయినా సరే పోవడానికి సిద్ధపడింది.

ఇక ఆ సోమవారం వచ్చింది.

బస్సు దిగాను. చెప్పులు విడిచాను. కంప తీసి చూద్దును గదా, గరాటులో ఒక కప్ప కూర్చుని ఉంది. సొంత ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా, నా రాకను గమనించి కూడా లేవకుండా కూర్చుంది. దాని పక్కన మూడు వేపాకు రెబ్బలు. సీసా తీశాను. సీసాలో నీళ్ళు.

గ్లాసులో వంచాను. కంటికి ఎదురుగా పెట్టాను. మూడుసార్లు చూశాను. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.

నీరు లేత పసుపు రంగులో ఉంది. పాఠకులు ఈపాటికి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటారని నాకు తెలుసు. దయచేసి అంత తొందరపడకండి. ఆ మనిషి ఇంకా చాలా చేయవలసి ఉంది. ఆయన నోటుపుస్తకం తీసి, శనివారం ఉదయం నుంచి సోమవారం ఉదయం వరకు అని వ్యవధి రాసి, కింద ఈ విధంగా నమోదు చేశాడు: "వర్షపాతం 38 మి.మీ. నీటిలో పసుపు ఛాయ. గాలిలోని ధూళి కలిసినందువల్ల. గరాటులో వేపాకులు, గాలి తీవ్రతకు నిదర్శనం. ఒక కప్ప, తేమకు జీవసంబంధమైన సాక్ష్యం." బడి చుట్టూ ఎక్కడా వేపచెట్టు లేదన్న విషయం రాసుకున్నాడు కూడా. అయితే దాని ఎదురుగా "గాలి చాలా దూరం నుంచి తెచ్చి ఉండవచ్చు" అని రాశాడు. నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చింపేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. పేజీ సంఖ్యలు వరుస తప్పుతాయని ఆగాను.

మొదటి గంట కొట్టగానే తరగతిలోకి నడిచిన తీరు చూస్తే, ఆ వానను నేనే జేబులో పెట్టుకుని తెచ్చినట్టు ఉండి ఉంటుంది.

"ఆదివారం మన బడిలో ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు పడింది," అన్నాను.

తరగతి అంతా చప్పట్లు కొట్టింది. నా పాఠానికి ముప్పై ఏళ్ళలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెన్ను మూత చప్పుడైంది.

"సార్, నిన్న వాన పడలా."

"పడింది కెజియా. అంకె ఉంది."

"నేల తడవలేదు సార్. ఇప్పుడు నేను దుమ్ములోనే నడిచి వచ్చినా."

"ఎండకు ఆరిపోయి ఉంటుంది."

"ముప్పై ఎనిమిది పడితే వాగు కదలాల గదా సార్. మాయమ్మ క్యాలెండర్‌లో నిన్న ఏమీ పెట్టలా."

"మీ అమ్మ ఇంట్లో ఉండి ఉంటుంది. వాన ఇక్కడ పడింది. ఇదే వాతావరణ మార్పు అంటే. ఒకచోట కుండపోత, పక్క వీధిలో దుమ్ము."

"ఒక్క రోజు లెక్క చూసి మార్పు అని చెప్పకూడదని మీరే రాయించినారు సార్."

ఇక్కడ ఆ మనిషి ఇచ్చిన జవాబును అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "అది పాఠం. ఇది పరిశోధన."

అంతటితో ఆగినా బాగుండేది. నేను న్యాయంగా ఉండదలచాను. సాక్ష్యం తీసుకోదలచాను. "ఆదివారం సాయంత్రం ఆ డబ్బాలో నీళ్ళు పడటం చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. పద్దెనిమిది చేతులు లేచాయి. కెజియా వీధి పిల్లలు తప్ప అందరూ ఎత్తారు. ఆ వీధివారు ఆ సమయంలో చర్చిలో ప్రార్థనలో ఉన్నారట. పద్దెనిమిది మంది ప్రత్యక్ష సాక్షులు. నేను చేతులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను గాని, ఏం చూశారని ఒక్కరినీ అడగలేదు. వారూ చెప్పలేదు. సార్‌కు తెలియకుండా ఉంటుందా అనుకున్నారు.

చార్టు మీద సున్నాల మధ్య ముప్పై ఎనిమిదిని నీలం సిరాతో కొండలా గీశాను. కింద "మా ఆవరణలో అసాధారణ వర్షం" అని రాయమని కెజియాకు బ్రష్ ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"నేను రాయను సార్."

"ఎందుకు రాయవు?"

"పడని వాన పడిందని నేను ఒంగోల్లో ఎట్ల చెప్పాల సార్? ఎవురన్నా అడిగితే?"

"అంకె చూపించు."

"నాకు నమ్మకం లేదు సార్."

"నమ్మకంతో పనిలేదు. రాస్తే నువ్వు పోతావు. రాయకపోతే వేరేవాళ్ళు పోతారు."

ఆమె కాసేపు చార్టు వైపు చూసింది. తరువాత బ్రష్ బల్ల మీద పెట్టి, "వేరేవాళ్ళను పంపండి సార్" అని తన చోటికి పోయి కూర్చుంది. కోపంగా అనలేదు. ఏడవలేదు. నోటుపుస్తకం తెరిచి తరువాతి లెక్క చేసుకుంది. పద్నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల, తాను అంతగా కోరుకున్న ప్రయాణాన్ని, తన కళ్ళు చూడని ఒక అంకె కోసం వదులుకుంది. అంకెలను ప్రేమిస్తానని అరవై ఏళ్ళు చెప్పుకు తిరిగినవాడికి, వాటి మీద అంత గౌరవం ఎలా ఉంటుందో చూస్తే కనిపించేంత ఎదురుగానే ఉంది. చూడలేదు. ఆయన "మొండిపిల్ల" అనుకుని, తానే బ్రష్ తీసుకుని, అక్షరాలు సమానంగా రావడానికి పెన్సిల్ గీతలు గీసుకుని మరీ రాశాడు.

గురువారం అధికారిణి వచ్చారు. ఒంగోలు వైపు ఆవిడ. తలకు చుట్టుకున్న చున్నీ దులిపితే గది నిండా దుమ్ము లేచింది. నేను చార్టు ముందు నిలబడి కర్రతో చూపిస్తూ మొదలుపెట్టాను. సున్నాలు వివరించాను. నీలం కొండ దగ్గరకు వచ్చేసరికి నా గొంతు దానంతటదే పెద్దదైంది.

"మాస్టారూ," అన్నారు ఆవిడ మధ్యలో. "ఆదివారం మార్కాపురంలో చినుకు పడలేదండీ. ఇక్కడికి వచ్చే దారిలో ఎక్కడా తడి లేదు. ముప్పై ఎనిమిది అంటే చాలా పెద్ద వాన కదా."

"అందుకే అసాధారణం అన్నాను మేడమ్. నీటిలో ధూళి ఉంది. దూరం నుంచి వచ్చిన ఆకులు ఉన్నాయి. పద్దెనిమిది మంది చూశారు. కప్ప కూడా వచ్చింది."

"కప్పా?"

సరిగ్గా ఆ సమయంలో మధ్యాహ్న భోజనం వండే నాగమ్మ టీ గ్లాసులతో లోపలికి వచ్చింది. ఊళ్ళో ఆమె మాటకు విలువ ఎక్కువ. నేను కూడా ఆమెను 'అక్కా' అనే పిలిచేవాణ్ణి. గ్లాసులు బల్ల మీద పెట్టి, చార్టు వైపు తృప్తిగా చూసి, "ఎంత పడిందంటాడమ్మా మా అయ్యోరు?" అని అడిగింది.

"ముప్పై ఎనిమిది," అన్నారు అధికారిణి.

"ముప్పై ఎనిమిదే వచ్చినాయా? నేను బిందెడు పోసినానే. సగం పిల్లోళ్ళ మీద పడినాయిలే."

నా చేతిలోని కర్ర నీలం కొండ మీదే ఆగిపోయింది.

"ఏం పోశావమ్మా?" అన్నారు అధికారిణి.

నాగమ్మ నిదానంగా, ఏమీ తెలియని ఇద్దరు పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "వానలు లేవని ఆదివారం కప్పతల్లిని తిప్పినాం గదమ్మా. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ మోసుకుపోతాం. ఇంటామె బయటికొచ్చి దాని మీద పసుపునీళ్ళు పోస్తాది. ఊరంతా అయినాక, బడికి మాత్రం గడప లేదా, దాన్నెందుకు వదిలిపెట్టాల అనుకున్నాం. మరి బడికి ఇంటామె ఎవురు? ఈడ పొయ్యి ముట్టించేది నేను. కాబట్టి నేనే పోసినా."

"డబ్బాలో ఎందుకు పోసినావక్కా?" అన్నాను.

"ఎందుకేంది అయ్యోరా. వాన సంగతి దానికి తెలిసినంత ఎవరికీ తెలియదని పిల్లోళ్ళకి మీరే గదా చెప్పింది. రోజూ చెప్పులిడిచి పోయి, దాన్ని కంటికద్దుకుంటాంటే మేం చూడలేదా? కప్పతల్లిని దాని మీద పట్టుకుని పోసినాం. అంతా అయినాక కట్టు ఇప్పితే, పాపం ఆ కప్ప మళ్ళా దాంట్లోకే దూకింది. ఊరి మొత్తానికి తడి ఉన్న చోటు అదొక్కటే."

అధికారిణి టీ గ్లాసు కింద పెట్టారు. పెట్టకపోతే నవ్వుకు ఒలికేది. నాగమ్మ మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి ఇలా అంది: "మేం పోసిన నీళ్ళని పారబోయకుండా కొలిచి, గోడకెక్కించినారు. ఊళ్ళో ఆడోళ్ళంతా మిమ్మల్ని తలుచుకుంటాండారు. ఇంకొక అయ్యోరైతే చేసుండడు."

నన్ను ఎవరైనా తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. పొగిడితే ఏం చేయాలి? ఆ ఊరి స్త్రీలు తమ ఇళ్ళలో ఉన్న కొద్దిపాటి నీళ్ళలో ఒక బిందె బడి కోసం దాచి తెచ్చారు. తమ ప్రార్థనలో బడికీ చోటిచ్చారు. నేను దానిని "ధూళి" అని రాసుకున్నాను.

అధికారిణి కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, ఇది పంపలేమండీ. ఇంకేదైనా ప్రాజెక్టు ఉందా? లేకపోతే ఈ బడి పేరు కొట్టేస్తాను" అన్నారు.

కిటికీ పక్కన కెజియా కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. నన్ను ఇరికించడానికి ఆమెకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నేనే చెప్పవలసి వచ్చింది.

"ఉంది మేడమ్. నేను వద్దన్న ప్రాజెక్టు ఒకటి ఉంది. అరగంట సమయం ఇవ్వండి."

నేనూ కెజియా చర్చి పక్క వీధికి నడిచాము. దారి పొడుగునా పాదం కూరుకుపోయేంత దుమ్ము. రాహేలమ్మ ఇంటి ముందు కూర్చుని గంప అల్లుతోంది. పొలం పనులు లేని రోజులు. సంగతి విని లోపలికి తీసుకుపోయింది. గోడకు ఒకే మేకు, దాని మీద ఒకదాని మీద ఒకటిగా పద్నాలుగు క్యాలెండర్లు. బజారులోని కిరాణా దుకాణం శెట్టిగారు ఏటేటా ఊరికే ఇచ్చేవి. బరువుకు మేకు ఒంగిపోయింది.

"ఈ గుర్తులేంటమ్మా?" అన్నాను.

"చుక్క పెడితే దుమ్ము అణిగేంత వాన సార్. సున్నా చుడితే విత్తనానికి చాలినంత. సున్నాలో చుక్క పెడితే వాగు పారినట్టు."

మూడు కొలతలు. వాటికి గాజు గ్లాసు అక్కరలేదు. ప్రతి కొలతా ఒక పనికి కట్టుబడి ఉంది.

"ఎందుకు మొదలుపెట్టినావు?"

"పోయినేడు ఎప్పుడు పడిందో తెలిస్తే, ఈ ఏడు పని ఎప్పుడు దొరుకుతాదో తెలుస్తాదని సార్. వాన పడితేనే గదా మాకు పిలుపు. మొదట్లో సరిపోయేది. ఇప్పుడు సరిపోవడంలా. పోయినేటి క్యాలెండర్ ఈ ఏటికి పనికిరావడంలా సార్."

నేను నెల రోజులుగా నల్లబల్ల మీద, చార్టుల మీద, అయిదు రంగుల సుద్దలతో చెప్పడానికి ప్రయత్నిస్తున్న పాఠం అదే. ఆమె గంప అల్లుతున్న చేతులతో, ఒక్క వాక్యంలో చెప్పేసింది. పేజీలు తిప్పాను. పాత క్యాలెండర్లలో సున్నాలు జూన్, జూలై గళ్ళలో తల్లికోడి చుట్టూ పిల్లల్లా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇటీవలి వాటిలో చెల్లాచెదురయ్యాయి. కొన్ని నెలలు ఖాళీ. మరొకచోట, కోతలకు వచ్చిన పైరు మీద, వరుసగా మూడు రోజులు సున్నాలో చుక్కలు. ఏ సంవత్సరమూ ఒక్క రోజు వదలలేదు. కెజియా పుట్టిన రోజున కూడా చిన్న చుక్క ఉంది. ఆసుపత్రి కిటికీలోంచి చూసి, ఇంటికి వచ్చాక పెట్టిందట.

అంత నిక్కచ్చి మనిషిని నేను నా వృత్తిలో చూడలేదు. నన్ను కలుపుకునే అంటున్నాను.

"మరి పోయిన ఆదివారం?" అని కెజియా కొంటెగా తల్లిని అడిగింది. ఆ వారంలో ఆమె నా మీద తీర్చుకున్న కసి అంతా అంతే.

రాహేలమ్మ నా ముఖం చూసి మర్యాదగా తల దించుకుంది. "ఈ పిల్ల వచ్చి 'సార్ వాన పడిందంటాడమ్మా' అంటే, రెండుసార్లు బయటికి పోయి చూసొచ్చినా సార్. పడితే తెల్లారి మేస్త్రి వచ్చి పిలవాల. ఎవురూ పిలవలా. మీ వాన నాకు పని ఇయ్యలేదు సార్."

క్యాలెండర్లన్నీ బియ్యం సంచిలో పెట్టుకుని నేనే భుజాన వేసుకుని బడికి తెచ్చాను. అధికారిణి వాటిని నేల మీద పరిచి, చెప్పులు విడిచి, మధ్యలో కూర్చుని చూశారు. తరువాతి బడికి పోవలసిన సమయం దాటిపోయినా లేవలేదు. చివరికి పుస్తకం తీసి కెజియా పేరు రాసుకుని, ఇంటిపేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని ఆమెకే చూపించారు.

ఒంగోలుకు నేను సంచి మోసేవాడి హోదాలో వెళ్ళాను. మార్గదర్శక ఉపాధ్యాయుడు అని నా చొక్కాకు ఒక కాగితం అంటించారు గాని, చేసిన పని మోయడమే. కెజియా పద్నాలుగు క్యాలెండర్లనూ వరుసగా వేలాడదీసింది. చూసేవాళ్ళు మొదట నవ్వుతూ వచ్చి, తరువాత నవ్వడం మరిచిపోయి నిలబడ్డారు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన, నాలాంటి మనిషే, కళ్ళద్దాలు సవరించుకుని అడిగాడు.

"పాపా, మీరు వాడిన పరికరం ఏమిటి?"

"మాయమ్మ సార్."

"ఆమె లెక్క సరైనదని ఎలా నిరూపిస్తావు?"

"తప్పు రాస్తే మేం పస్తుండాల సార్. అందుకని తప్పు రాయదు."

అంత నిరూపణ నా పాఠ్యపుస్తకాల్లో దేనిలోనూ లేదు. ఆపైన నా చొక్కా మీది కాగితం చదివి, "మరి ఇందులో మీ సార్ చేసింది ఏమిటి?" అన్నాడు.

నేను గొంతు సవరించుకునేలోపే కెజియా జవాబిచ్చింది. వెటకారం లేదు. నన్ను కాపాడాలన్న ఆత్రం కూడా లేదు. ఉన్నమాట చెప్పింది.

"పరికరం ఉన్నా లెక్క ఎట్ల తప్పుతాదో సార్ మాకు స్వయంగా చేసి చూపించినారు సార్."

పెద్దాయన లేచి నాతో కరచాలనం చేశాడు. అంత కష్టమైన ప్రయోగం ఏ ఉపాధ్యాయుడూ తలకెత్తుకోడని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం చదివిన విజేతల పేర్లలో కెజియా పేరు రెండోది. ఆ రోజు సముద్రపు గాలి ఎలా ఉందని అడిగితే, "ఉప్పగా ఉండాది సార్, కానీ అంకె అడగొద్దు" అంది.

కనుక, కింద సంతకం చేసిన నేను, ఆరోగ్యవంతుడనై, ఎవరి బలవంతమూ లేకుండా, తేదీ వేసి మరీ ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట నా జీవితంలో ఏ పాత్రలోనైనా నీళ్ళు కనిపించినచో, అవి ఎన్ని అని కొలవడానికి ముందు, ఎవరు పోశారని ఊళ్ళో కనీసం నలుగురు ఆడవాళ్ళను అడిగి తెలుసుకుంటాను. వారు నవ్వితే, ఆ రోజు సున్నా వేసుకుంటాను.